ఎలుక వాసన

గేటు బయట ఆ మనిషి మళ్లీ నిలబడ్డాడు.

ఇది మూడో రోజు. కనుబొమలు లేవు. మొహం సగం ముడతలు, సగం నున్నగా మెరుస్తోంది. కళ్లు మాత్రం కారుషెడ్డు మీదే.

ఆమె వంటింటి కిటికీలోంచి చూసింది.

మొదటిరోజు మర్యాదగానే అడిగాడు.

"బాబూ, మీ కారు ఏసీ నేను చేసి పెడతాను. డబ్బులొద్దు."

"మా ఏసీ పాడైందని నీకెవరు చెప్పారు?" అన్నాడు ఆమె భర్త.

ఆ మనిషి ఏదో చెప్పబోయి నీళ్లు నమిలాడు. భర్త గేటు మొహం మీదే వేశాడు.

"ఊరికే చేస్తానన్నవాణ్ణి అస్సలు నమ్మకూడదు," అన్నాడు లోపలికొచ్చి.

రెండోరోజు, రోడ్డు మీద ఆపిన కారు అద్దాల సందులో ముక్కు పెట్టి వాసన చూస్తూ దొరికాడు. అప్పట్నుంచి ఆమె కంటిమీద కునుకు లేదు.

కారు కొని నెల కాలేదు. సెకండ్ హ్యాండ్‌ది. ఏసీ వేస్తే చల్లగాలి రాదు సరికదా, చచ్చిన ఎలుక కంపు. భర్త అద్దం దగ్గర మల్లెపూల సెంటు వేలాడదీశాడు. ఇప్పుడు మల్లెపూలల్లో చచ్చిన ఎలుక కంపు.

"మెకానిక్‌కి ఇద్దామండీ," అంటే వినడు. ఫోన్లో వీడియోలు చూసి తనే చేస్తానంటాడు. ఆయన బాగుచేసిన మిక్సీ ఇప్పటికీ అటకమీదే ఉంది.

ఆమె లోపలి తలుపులోంచి షెడ్డులోకి పరిగెత్తింది.

ఎండ పడుతోందని షట్టరు ముప్పాతిక దించేశాడు. ముందుసీటు దగ్గర డ్యాష్‌బోర్డు కింద దూరి, ఏసీ ఫ్యాన్ వైర్లు కోసి కలుపుతున్నాడు. వెనకసీట్లో పాప బొమ్మని పట్టుకుని నిద్రపోతోంది.

"ఏమండీ, వాడొచ్చాడు!"

"రానీ, స్పానర్ చేతిలోనే ఉంది. ముందు ఆ లైటర్ ఇలా ఇయ్యి."

"లైటర్ ఎందుకు?"

"ఈ వైరుకి ప్లాస్టిక్ తొడుగు వేశాను. కాస్త కాలిస్తే బిగుసుకుంటుంది. వీడియోలో చూపించాడు."

ఆమె ఇచ్చింది.

భర్త ఒకసారి నొక్కాడు. వెలగలేదు.

షట్టరు కింద రెండు పాదాలు కనిపించాయి. తర్వాత తల. కనుబొమలు లేని ఆ తల.



"వద్దు!" అని అరిచి దూకాడా మనిషి. భర్త చేతిలోంచి లైటర్ లాగి అవతలికి విసిరాడు. వెనక తలుపు తీశాడు. పాపని భుజాన వేసుకుని షట్టరు కింద నుంచి దూరి పరుగెత్తాడు.

"పాప! నా పాప!"

ఆమె కేకకి వీధంతా బయటికొచ్చింది.

ఆ మనిషి రోడ్డు దాటాడు. ఎదురింటి అరుగు మీద పాపని దించాడు. మళ్లీ షెడ్డు వైపే వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

పిల్లని ఎత్తుకుపోయేవాడు పిల్లని దించి వెనక్కెందుకు వస్తాడు? ఆ క్షణాన ఎవరికీ తోచలేదు.

భర్త బయటికొచ్చి స్పానర్ విసురుగా తిప్పాడు. అది ఆ మనిషి నుదుటి మీద తగిలింది. మిగతాది వీధివాళ్లు చూసుకున్నారు.

"తలుపులు... కారు తలుపులన్నీ తీసిపెట్టండి..." అంటూనే ఉన్నాడు దెబ్బల మధ్య.

"పోలీసులకి ఫోన్ చెయ్యండి!" అన్నారెవరో.

ఆ మాట వినగానే విదిలించుకుని, కాలీడ్చుకుంటూ సందులోకి మాయమయ్యాడు. చిరిగిన జేబులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి గేటు దగ్గర పడింది. ఆమె తీసి కొంగున దోపుకుంది, పోలీసులకి ఇద్దామని.

భర్త ఇక వైరు ముట్టుకోలేదు.

"ఇప్పటికైనా మెకానిక్‌ని పిలవండి," అంది, పాపని ఒళ్లోంచి దించకుండా.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. కారులో తల పెట్టి చటుక్కున వెనక్కి తీశాడు.

"అమ్మా, వంటింట్లో స్టవ్ కట్టేసి ఉందా?"

"కట్టేసే ఉంది. ఏం?"

"అయితే ఇది కారులోదే. ఎలుకా లేదు, గిలుకా లేదు. ఏసీలో అసలు గ్యాసు బదులు వంటగ్యాసు ఎక్కించారెవరో. చవకని కొందరు చేసే పాపిష్టి పని. పైపు కారి లోపల నిండింది. సెంటు వాసనలో మీకు తెలీలేదు."

నాలుగు తలుపులూ బార్లా తీశాడు. షట్టరు పైకెత్తాడు. అప్పుడు మూలన పడున్న లైటర్ కనిపించింది.

"ఇది ఇక్కడ వెలిగించారా?"

"ఒక్కసారి నొక్కాను," అన్నాడు భర్త. "వెలగలేదు."

"మీ తల్లి కడుపు చల్లన! పోయిన వేసవిలో ఒక కారు ఇలాగే భగ్గుమంది. నడుపుతున్న అమ్మాయి బయటపడలేదు."

ఆమె పాపని గట్టిగా హత్తుకుంది. ఎదురింటి అరుగు గుర్తొచ్చింది. దెబ్బలు తింటూ తలుపులు తియ్యమన్న గొంతు గుర్తొచ్చింది.

ఆమె ఒక్క పరుగున సందు చివరిదాకా వెళ్లింది. ఎవరూ లేరు. నేలమీద రెండు చోట్ల నెత్తురు చుక్కలు ఎండిపోయి ఉన్నాయి.

అక్కడే నిలబడి కొంగున ఉన్న కాగితం విప్పింది.

పైన వంకర అక్షరాలతో ఒక వాక్యం: 'నా చేత్తో వంటగ్యాసు ఎక్కించిన కార్లు.'

కింద పదకొండు నంబర్లు. తొమ్మిది కొట్టేసి ఉన్నాయి. కొట్టేయనివి రెండే. ఆఖరిది తమ కారుది.

రెండోది అన్నిటికంటే పైనున్న నంబరు. దాని పక్కన మాత్రం, 'మా అమ్మాయిది, ఆలస్యమైపోయింది,' అని రాసి ఉంది.