తోడు పెట్టిన పాట

బుల్లిబాబు ఆఫీసులోనే పనిచేసే సంయుక్త అతని క్యాసెట్ అట్టను వెనక్కి తిప్పి చూసింది.

"బుల్లిబాబు గారూ, పాట భలే ఉందండీ. రాసిందెవరు?"

"తిరుపతి."

"బాణీ?"

"తిరుపతే."

"మధ్యలో ఆ వేణువు?"

"అదీ అతనే."

"డప్పు కూడానా? అయితే మరి మీరేం చేశారండీ?"

క్యాంటీన్ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. బుల్లిబాబుకు పెరుగన్నం ముద్ద గొంతులో అడ్డం పడింది.

పాడింది తను. అట్ట మీద పెద్ద ఫొటో తనది. అందరూ అడిగేది మాత్రం తిరుపతిని!

బుల్లిబాబుది భీమవరం. హైటెక్ సిటీలో, రెండు వేల సంవత్సరం వస్తే తారీఖులు తారుమారు కాకుండా కంప్యూటర్లను సరిచేసే ఉద్యోగం. పాటంటే ప్రాణం. మంచి గాయకుడని పేరు తెచ్చుకోవాలన్నది చిన్ననాటి ఆశ. అందుకే సొంతంగా ఈ క్యాసెట్ వేసుకున్నాడు.

తిరుపతిది ఆ పక్కనే ఉన్న కొత్తగూడ. రేకుల గదిలో మోత రాకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, గొంతునూ వాయిద్యాలనూ విడివిడిగా ఎక్కించే నాలుగు ట్రాకుల రికార్డింగ్ మెషిన్ పెట్టుకున్నాడు. బోనాల పాటైనా, ఎన్నికల పాటైనా, చీరల దుకాణం ప్రకటనైనా ఆ గదిలోంచే వచ్చేది. ఏ కంపెనీ గడపా తొక్కలేదు. తన పాటలు తనే క్యాసెట్లకెక్కించి పాన్ డబ్బాల్లో పెట్టి అమ్మేవాడు.

సాయంత్రం కొత్తగూడ చౌరస్తాలో బాలనర్సయ్య పాన్ డబ్బా ముందు ఆగాడు బుల్లిబాబు.

"తిరుపతి క్యాసెట్లా సార్? అయిపోయినయ్. రేపు రాండ్రి."

"బుల్లిబాబు పాటలున్నాయా?"

"ఎవలాయన? ఆఁ, గదా! ఉన్నయ్ ఉన్నయ్. తిరుపతే తెచ్చి పెట్టిండు. మంచిగ పాడిండు ఇనుండ్రి అని వచ్చిపోయెటోళ్ళకు ఊకె చెప్తడు."

అంటే తన క్యాసెట్ కూడా అతని దయ మీదే అమ్ముడవ్వాలన్నమాట. బుల్లిబాబు ఒళ్ళు మండింది.

ఇంకో అనుమానం కూడా అతన్ని తొలిచేస్తోంది. పాడడం అయిపోగానే తిరుపతి ప్రతిసారీ ఒకే మాట అనేవాడు.

"నువ్వు ఇంటికి పో అన్నా. నేను జర తోడు పెడ్త."

"తోడేంటి? ఇవేమన్నా పాలా?"

"పాలేనన్నా. తోడు పెట్టకుంటె పెరుగెట్లయితది?"

మర్నాడు వింటే తన గొంతు గడ్డపెరుగులా చిక్కగా ఉండేది. ఆ మెషిన్లో ఏదో మీట ఉంది. దాన్ని తిరుపతి తనకు కావాలనే చూపించడం లేదు.

ఒకరోజు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. క్యాసెట్ల కంపెనీ నడిపే కామేశ్వరరావు.

"మీ పాట విన్నానండీ. సంగీతానిదేముంది, ఎవరైనా చేస్తారు. నాకు కావాల్సింది ఆ గొంతు! ఆల్బం వేద్దాం. అసలు టేపు తీసుకుని స్టూడియోకి వచ్చేయండి."

గొంతు! ఆ ఒక్క మాటనూ బుల్లిబాబు పిప్పరమెంటులా చప్పరించాడు.

"మరి అట్ట మీద పేరున్న ఆ తిరుపతి ఎవరండీ? ఆయన్ని కూడా పిలవమంటారా?"

"మైకులు బిగించే మనిషండీ. ఎందుకులెండి," అన్నాడు బుల్లిబాబు.

కొత్తగూడ వెళ్ళేసరికి తిరుపతి గోడల మీది అట్టలు ఊడదీస్తున్నాడు.

"గది కూలగొడ్తరంటన్నా. అపార్ట్‌మెంట్లు కడ్తరంట. ఇయ్యాల్నే పోతున్న."

ఎక్కడికని బుల్లిబాబు అడగలేదు.

"నా పాట అసలు టేపు ఇచ్చెయ్. పెద్ద స్టూడియోలో మళ్ళీ చేస్తున్నారు. ఈసారి పేరు నాదొక్కడిదే. ముందే చెబుతున్నా."

తిరుపతి చేతిలో అట్ట కింద పెట్టాడు. టేపు వెతికి, చొక్కా అంచుతో దుమ్ము తుడిచి ఇచ్చాడు.

"మంచిదన్నా. డప్పు తీసెయ్. పిల్లనగ్రోవి తీసెయ్. నా పేరు గూడ తీసెయ్, ఫికర్ లేదు. నాలుగో ట్రాకు మాత్రం ఉండనీ. నలుగురి ముంగట అదొక్కదాన్నే ఇనిపియ్యకు."

"ఎందుకు? నీ మీట సంగతి బయటపడుతుందనా?"

"మీట కాదన్నా. తోడు."

తిరుపతి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే బుల్లిబాబుకు ఇంకా కోపం వచ్చింది.

స్టూడియోలో కామేశ్వరరావు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ముందు గొంతొక్కటే వినిపించండి."

ఇంజనీరు బుల్లిబాబు పాడిన మూడో ట్రాకు తెరిచాడు. ఓ సన్నని గొంతు పై స్వరాల దగ్గర వణుకుతూ పాడింది.

కామేశ్వరరావు మొహం చిట్లించాడు. "ఇది రిహార్సలా అండీ?"

"కాదండీ, నాలుగోది తెరవాలి. మా తిరుపతి దాచుకున్న రహస్యమంతా అందులోనే ఉంది," అన్నాడు బుల్లిబాబు గర్వంగా.

ఇంజనీరు మూడోది మూసేసి నాలుగోది తెరిచాడు.

గది నిండిపోయింది. అదే పాట. అవే విరుపులు. తను ఊపిరి తీసుకున్న చోటే ఊపిరి.

"ఇదండీ! ఇదే నేను విన్న గొంతు!" కామేశ్వరరావు బుల్లిబాబు భుజం తట్టాడు. "ఎక్కడ దాచారండీ బాబూ ఇన్నాళ్ళూ?"

రెండో చరణంలో తను ఎప్పుడూ తడబడే చోటు వచ్చింది. ఆ గొంతు తడబడలేదు.

ఆపమని చెబుదామనుకున్నాడు బుల్లిబాబు.

పాట అయిపోయింది. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. ఎక్కడో దూరంగా బండలు పేల్చిన చప్పుడు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఆ వెనకే అదే గొంతు తనలో తను తృప్తిగా అనుకుంది: "ఇగ ఫికర్ లేదు... బుల్లిబాబన్న పాట తోడుకున్నది."