ఏడు మచ్చలు

"అమ్మా, మీరు గుమ్మం దాటకండి. దుమ్ము లేస్తుంది."

"ముప్పై ఏళ్లు ఈ దుమ్ములోనే దుప్పట్లు మడతపెట్టాను బాబూ. ఇప్పుడు కొత్తగా నన్నేం చేస్తుంది?" అంది మడతలత్త, తాళాల గుత్తి బొడ్లో దోపుకుంటూ.

అది ఆసుపత్రి పాత లాండ్రీ. వచ్చే నెల కూలగొట్టేస్తారు. ఆలోగా గోడల్లో, కప్పుల్లో, గొట్టాల మీద ఆస్బెస్టాస్ ఉందేమో పరీక్ష చెయ్యడానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. తాళాలు ఆమె దగ్గరే ఉండిపోయాయి కాబట్టి గదులు తెరిచి చూపించడానికి మడతలత్త వచ్చింది. తాళాల కోసమైతే ఎవరి చేతో పంపేసేది. ఆమె సంచిలో నాలుగు మడతల కాగితం ఒకటుంది.

వరండా పైకప్పుకు వరసగా ఏడు తెల్లటి మచ్చలు.

"మా ఆయన వీటిని సప్తర్షులు అనేవాడు," అని చూపించి నవ్వింది.

ఇన్‌స్పెక్టరు తలెత్తలేదు. మాస్కు బిగించుకుంటున్నాడు.

బాయిలరు గది గుమ్మం పొట్టిది. కొత్తవాళ్లెవరైనా నుదురు బాదుకోవాల్సిందే. ఆమె "తల..." అనేలోపే అతను వంగి లోపలికి వెళ్లిపోయాడు. పొడుగు మనుషులకు వినయం అలా అలవాటవుతుంది కాబోలు అనుకుంది.

పెద్ద గొట్టం చుట్టూ సున్నపు ముద్దలాంటి పూత. అతను కింద ప్లాస్టిక్ పట్టా పరిచాడు. సీసాతో నీళ్లు చల్లాడు.

"స్నానం చేయిస్తున్నావా ఏంటి దానికి?"

"పొడిగా కోస్తే పీచు గాల్లోకి లేస్తుందమ్మా. కంటికి కూడా కనపడదు. తడిపితే అణుగుతుంది."

పై పూత నుంచి ఇనుము తగిలేదాకా గోరంత ముక్క కోశాడు. చిన్న సంచిలో వేసి, దాన్ని ఇంకో సంచిలో వేసి, నంబరు రాశాడు. కోసిన చోట అతుకు వేశాడు. కత్తిని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా కట్టి పక్కన పెట్టాడు. చేతి తొడుగులు మార్చుకుని రెండో చోట మొదలుపెట్టాడు. తర్వాత మూడో చోట.

"ఒక్క గొట్టానికి ఇన్ని ముక్కలా? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ?"

"ఇది అన్నం కాదు. ఒక మెతుకు మంచిదైతే పక్క మెతుకు విషం కావచ్చు."

"నీ గురువెవరో గట్టివాడే."

"గురువు చెప్పినప్పుడు వినలేదమ్మా. ఆలస్యంగా తెలుసుకున్నాను."

అతను బయటికొచ్చి మాస్కు తీసి, చేతులు కడుక్కునేదాకా ఆగి, ఆమె సంచిలోంచి కాగితం తీసింది.

"ఇది కాస్త చదివిపెట్టు బాబూ."

"మీకు చదువు రాదా?"

"వచ్చు. వచ్చిన చదువుతోనే వచ్చింది తంటా."

గుమ్మం దగ్గరే చతికిలబడింది.

"పందొమ్మిదేళ్ల కిందట ఇలాగే పరీక్ష చేసి, ఈ కాగితం తలుపుకు అంటించారు. అప్పుడే మా నర్సమ్మ దగ్గర అక్షరాలు కూడబలుక్కుంటున్నాను. మా ఆయన ఈ బాయిలరు దగ్గరే పని. దగ్గొస్తోంది, తోటపనికి మారిపోతానన్నాడు. నేను ఠీవిగా నిలబడి కాగితం చదివి వినిపించాను. ఆస్బెస్టాస్ లేదు అని. చదువుకున్నవాళ్లు రాసింది అబద్ధమా, నోరు మూసుకుని పనికి పో అన్నాను. పన్నెండేళ్లు నోరు మూసుకునే పోయాడు. రెండేళ్లు మంచాన పడ్డాడు. ఐదేళ్లయింది దాటిపోయి. ఇది ఆస్బెస్టాస్ జబ్బేనని డాక్టరు చెప్పాడు."

"మళ్లీ చదివి చూడలేదా?"

"వందసార్లు. ప్రతిసారీ లేదు అనే ఉంది. కానీ నా కళ్లను నేనెలా నమ్మను? ఇంకొకరికి చూపిద్దామంటే భయం. నేనే తప్పు చదివానంటే నా మొగుణ్ణి నేనే చంపుకున్నట్టు కదా! ఈ గోడలు కూలిపోయేలోగా అయినా తేల్చుకోవాలని తెచ్చాను. కింద సంతకం చోట ఆ కోడి గెలికిన గీత ఒక్కటీ తెలియలేదు. అది నర్సమ్మ నేర్పలేదు మరి."

నాలుగు వాక్యాల కాగితం. అతనికి చాలాసేపు పట్టింది.

"మీరు సరిగ్గానే చదివారు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు."

"నిజం చెప్పు!"

"నిజం. కాగితమే తప్పు. ఇందులో బాయిలరు గది, గొట్టం, ఉతికే గది అంటూ ఏడు చోట్లు రాసి ఉన్నాయి. ముక్క కోసిన చోట అతుకు మచ్చ మిగలాలి. ఈ గొట్టానికి ఇవాళ నేను వేసినవే తప్ప పాత అతుకు ఒక్కటీ లేదు."

"మరి ఆ ఏడూ ఎక్కడివి?"

అతను వరండా వైపు చూపించాడు.

"సప్తర్షులు..." అంది ఆమె నెమ్మదిగా.

"లోపల వేడి. బయట నీడ. ఒక్క కప్పులోంచే ఏడు ముక్కలు కోసి, ఏడు పేర్లు రాసుకుని పోయాడు."

"వాడి చేతులు పడిపోను!"

"పడిపోవాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె కొంగుతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఐదేళ్ల బండ గుండె మీంచి దిగుతున్న ఏడుపు. "తప్పు మీది కాదమ్మా," అన్నాడతను. కాసేపాగి మళ్లీ అదే మాట అన్నాడు. వరండాలోకి వెళ్లి, మచ్చల కింద కొంచెంసేపు నిలబడి తిరిగొచ్చాడు.

"నువ్వు చల్లగా ఉండాలి బాబూ. నీలాంటివాడు అప్పుడే వచ్చి ఉంటే మా ఆయన బతికేవాడు."

అతను ఆరోజు తీసిన ముక్కల జాబితా ముందు పెట్టుకుని సంతకం చేశాడు. జాబితాను ఆమె వైపు తిప్పాడు.

"ఎదుట ఉన్నవాళ్లు కూడా సంతకం పెట్టాలి. అంతా చదివాకే పెట్టండి. చివరిదాకా చదవండి."

మడతలత్త కళ్లజోడు తుడుచుకుంది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ కిందికి వచ్చింది.

చివర అదే కోడి గెలికిన గీత.