గడువు దాటిన పుల్లెద్దు మొర

"ఏనుగు దొరగారూ, కచేరీ తలుపేయకండీ!" అని వీధి చివర్నుంచి కేక. తోటి ఎద్దులతో గానుగ తిప్పే ముసలి పుల్లెద్దు పాపం రొప్పుతూ వచ్చింది. మధ్యాహ్నం మేతకని గానుగ ఆపక్కర్లేదని మధ్యవర్తి కొంగ, యజమాని నక్క వైపే తీర్పిచ్చింది. కాదనాలంటే అమావాస్యలోగా ఏనుగుకి మొరపెట్టుకోవాలి.

"అమావాస్య నిన్ననే వెళ్లిపోయిందయ్యా! ఇన్నాళ్లూ ఏం చేశావ్?"

"కొంగమ్మ చుట్టూనే తిరిగాను దొరా. రోజూ తలూపుతూ వినేది. తీర్పు మార్చేస్తుందనుకున్నా."

"వినడం దాని మర్యాద. గడువు దానికోసం ఆగదుగా! నేనేం చేయలేను నాయనా," అని ఏనుగు కళ్లొత్తుకుంది.

మర్నాడు మధ్యాహ్నం గానుగ దగ్గర పుల్లెద్దు తూలి పడబోయింది. అంతే, మిగతా ఎద్దులన్నీ టక్కున ఆగిపోయాయి. "రా పెద్దాయనా, అందరం కలిసే తిందాం!" అన్నాయి. ఒక్కటే గానుగ తిప్పలేక నక్క కూడా, ఏం చేస్తుందండీ, తన సద్దిమూట తెచ్చుకుని వాటి పక్కనే చతికిలబడింది.