జాబితా పట్టుకొచ్చినాయన

"ల్యాబు వాళ్లు పంపిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకమ్మా."

తలుపు సందులోంచి చూసింది హాస్టల్ వంటామె. గుమ్మంలో ఎవరో పెద్దాయన, చంకలో ఫైలు.

"మీరెవరు?"

"ఏడాదిపాటు పరీక్షలు ఉచితం అంటారు. సంతకం పెడితే వాళ్ల మీద కేసు వేసే హక్కు పోతుంది. చివరి పేజీలో ఉంది, చదువుకో."

నెల క్రితం ఆ రక్తపరీక్షల ల్యాబు కంప్యూటర్లలోంచి అందరి రిపోర్టులూ ఎవరో ఎత్తుకెళ్లారు. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన ఆమె క్షయ సంగతి హాస్టల్ దాకా పాకింది. వంటగదిలోకి రావద్దన్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటులా, రోజూ ఎవరో ఫోన్ చేసి, పేరూ పుట్టినరోజూ వల్లించి, సాయం చేస్తామంటున్నారు, డబ్బు కట్టనంటే బెదిరిస్తున్నారు. సొంతింట్లో ఉన్నా నడిరోడ్డు మీద నిలబెట్టినట్టే ఉంది.

"మా ఇల్లు మీకెలా తెలుసు?"

పెద్దాయన తల దించుకున్నాడు.

"ఆ దొంగలు బయటపెట్టిన జాబితాలో చూశానమ్మా. ఇంకెక్కడ దొరుకుతాయి అడ్రసులు?"

లోపలినుంచి అత్తగారు అందుకుంది.

"విన్నావా? వాడే ఒప్పుకుంటున్నాడు. ఫోన్లో బెదిరించారు, ఇప్పుడు ఇంటికొచ్చి బతిమాలుతున్నారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. తలుపెయ్యి."

"కోర్టులో అందరూ కలిసి ఒకే కేసు..." అనబోయాడు పెద్దాయన.

"ఇంకో మాటంటే పోలీసుల్ని పిలుస్తాను," అంది వంటామె. తలుపు వేసేసింది.

ఆ సాయంత్రమే ల్యాబు కాగితం మీద సంతకం పెట్టి పంపింది. ఉచితంగా పరీక్ష చేయించుకుని, జబ్బు లేదని చూపిస్తే మళ్లీ పనిలోకి రానిస్తారని ఆమె ఆశ.

హాస్టల్ మేనేజరు రిపోర్టు తిరగేశాడు.

"ఏ ల్యాబుది? అదా? దాన్నెవరు నమ్ముతారు?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు వెళ్లింది, ఆ ల్యాబు మీద కేసు వేస్తున్న లాయరమ్మ దగ్గరికి.

"పని పోయింది కాబట్టి అందరిలోకీ మీదే గట్టి కేసు. వినియోగదారుల కోర్టులో పరిహారం వచ్చేది. హాస్టల్‌కీ నోటీసు ఇచ్చేవాళ్లం. కానీ సంతకం పెట్టేశారు. ఇక దారి లేదండీ."

"ఒకాయన ఇంటికొచ్చి మరీ చెప్పారండీ. దొంగనుకుని తరిమేశాను."

"ఫైలు పట్టుకుని తిరిగే పెద్దాయనేనా? ఆయన మాట విని ఇరవైమంది కేసులో చేరారు."

"కేసు రోజు కోర్టుకు వస్తారా? క్షమించమని అడుగుతాను."

లాయరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆయన పేరు కేసులో లేదమ్మా. ఆ కాగితం తనకూ వచ్చిన మొదటిరోజే, ఆయన చదవకుండా సంతకం పెట్టేశారు."