ముక్కులో ఆరు గోళీలు

నా పేరు ఇనాబ. నలభై ఏళ్లుగా ప్లాస్టిక్ విమానాలు అతికిస్తున్నాను. నా చేతిలోంచి వచ్చిన ఒక్క విమానం కూడా తోక మీద చతికిలబడలేదు. మా షిజువోక ఊళ్లో ఈ మాట గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలిగినవాడు ఇంకొకడుంటే చూపించండి. మా పక్కింటి మురామత్సు మాత్రం కాదు.

ఆ ఆదివారం పొద్దున మా మోడళ్ల సంఘం హాల్లో మురామత్సు తన సేబర్ యుద్ధ జెట్‌ను పోటీ బల్ల మీద పెట్టి, చేతులు తీశాడు. అది ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నెమ్మదిగా మూతి పైకెత్తి, తోక బల్లకు ఆనించి, చేపముక్క కోసం చూసే కుక్కలా కూర్చుంది.

“ఒరే, ముక్కులో బరువు పెట్టావా?” అన్నాను.

మురామత్సు విమానం మూతిని వేలితో కిందికి నొక్కి వదిలాడు, అది మళ్లీ లేచింది.

ముందు చక్రం ఉన్న విమానాలతో ఇదే తంటా. రెండు సగాలు అతికించక ముందే ముక్కులో సీసం ముక్క దాచాలి. ఈ పనిలో మొదటి పాఠం అది. మురామత్సు ఏడు నెలలు కూర్చుని రెక్కల మీద రివెట్లు సూదితో ఒక్కొక్కటే గుచ్చాడు. పొగమసి కోసం పెన్సిల్ పొడి రుద్దాడు. బరువు మర్చిపోయాడు.

“ఇప్పుడు కోస్తే రంగంతా పోతుందిరా,” అన్నాడు చివరికి.

“పోనీ, వచ్చే ఏడు చూసుకో.”

“వచ్చే ఏటికి పెట్టెలుండవు.”

అదీ నిజమే. వాడింట్లో ఎనిమిది చాపలు పరిచేంత గది నిండా కొని విప్పని విమానాల పెట్టెలు, రెండు వందల పద్నాలుగు. వాడి భార్య ఫుసాఎ తన కోతో వాద్యం పెట్టుకోవడానికి ఆ గది పదకొండేళ్లుగా అడుగుతోంది. కొత్త సంవత్సరం రోజున తేల్చి చెప్పేసింది. “ఇన్ని కొన్నారు, ఊరు మెచ్చింది ఒక్కటుందా? ఈసారి మీ విమానం కొట్టు అద్దంలో కనబడిందా, పెట్టెలుంటాయి. లేదా, అవి బయటికి, నా కోతో లోపలికి.” ఈ మాట నాకెలా తెలుసంటారా? మా రెండిళ్ల మధ్య గోడ పల్చన.

కొట్టు అద్దమంటే స్టేషను దారిలో మోడళ్లమ్మే కొట్టు ముందరి అద్దాల అర. మా సంఘం పోటీలో గెలిచిన విమానం ఏడాది పొడుగునా అందులో ఉంటుంది. మూడేళ్లుగా అక్కడున్నది ఇనాబ విమానమే. అంటే నాదే.

“తోక కింద చిన్న పుల్ల పెడితే?” అన్నాడు మురామత్సు.

“చక్రాల మీదే నిలబడాలి. రూలు.”

“ఆ దిక్కుమాలిన రూలు రాసింది నువ్వే.”

సేబర్‌కు ముక్కు కొసన గాలి పీల్చే గుండ్రటి నోరుంటుంది. అందులో నాణేలు వేసి చూశాం, పట్టలేదు. గాలానికి కట్టే సీసపు గుండ్లు ఇంట్లో ఉన్నాయి. ఇల్లు బస్సులో నలభై నిమిషాలు. జడ్జి మకితా గారు అప్పటికే మొదటి బల్ల దగ్గర కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

నా విమానం పక్కనే ఉంది. లోపలి రాడార్ కనబడాలని దాని ముక్కు అతికించకుండా విప్పదీసేలా చేశాను. రాడార్ వెనక, బరువు కోసం, ఆరు ఉక్కు గోళీలు. పచింకో జూదశాలవి. ఎలా వచ్చాయో అడక్కండి. ముక్కు విప్పి గోళీలు అరచేతిలో పోసుకున్నాను.

“ఏం చేస్తున్నావురా?”

“నోరు తెరిపించు. నీది కాదు, విమానానిది.”

గోళీలు ఒక్కొక్కటే లోపలికి తోశాను. జారకుండా మధ్యాహ్నానికి తెచ్చుకున్న అన్నం మెదిపి, తినే పుల్లతో కూరాను. సేబర్ మూతి దించి మూడు చక్రాల మీద బుద్ధిగా నిలబడింది.

“నోట్లో అన్నం కనబడుతోందిరా.”

“తిననీ,” అని, అన్నం డబ్బాకు చుట్టిన ఎర్ర అట్ట గుండ్రంగా కత్తిరించి నోటికి మూత పెట్టాను. నిజం జెట్లకు కూడా, ఆగి ఉన్నప్పుడు పిట్టలు దూరకుండా ఎర్ర మూత పెడతారు.

నా విమానం అప్పటికే తోక మీద చతికిలబడింది. మొదట కొట్టిన గొప్ప అలా పోయింది. పోనీండి.

“నీ అద్దం పోతుందిరా ఇనాబా,” అన్నాడు మురామత్సు, గొంతు తగ్గించి.

“మూడేళ్లు నావే ఎండలో నిలబడ్డాయి. ఇదొక్కటి కాసేపు కూర్చోనీ.”

మకితా గారు వచ్చారు. వైమానిక స్థావరంలో పద్దెనిమిదేళ్లు సేబర్ల మెకానిక్కుగా చేసిన మనిషి. నవ్వగా ఎవరూ చూడలేదు.

“ఇదేమిటి, ఇనాబ గారూ?” అన్నారు, తోక మీద కూర్చున్న నా విమానాన్ని చూపిస్తూ.

“టీ తాగుతోందండి.”

ఆయన సేబర్ మీదికి వంగారు. చాలాసేపు లేవలేదు.

“పన్నెండేళ్లుగా ఈ పోటీలు చూస్తున్నాను. మూత పెట్టినవాడు ఒక్కడూ లేడు,” అన్నారు. “స్థావరంలో పొద్దున్నే దాన్ని తియ్యడమే నా మొదటి పని.” చెయ్యి ముందుకు చాచారు. “తియ్యొచ్చా?”

మురామత్సు వెనక నుంచి నా చొక్కా పట్టి లాగాడు.

“వద్దండి,” అన్నాను. “ఇవాళ మీకు సెలవు.”

మకితా గారు నవ్వారు. హాలంతా తిరిగి చూసింది.

సేబర్ అద్దంలోకి వెళ్లింది. ఫుసాఎ మాట తప్పలేదు, పెట్టెలు గదిలోనే ఉన్నాయి. కోతో మాత్రం వాటి మధ్య ఒక చాపంత చోటు సంపాదించుకుంది. లోపలి అన్నం ఏమైందో ఆ ఎర్ర మూతకే తెలియాలి.

ఇందులో నిజమెంత అని అడిగేవాళ్లుంటారు. గోళీలు నిజం, అన్నం నిజం, మకితా గారి నవ్వు కూడా నిజమే. కల్పించింది ఒక్కటే, అది మొదటి వాక్యంలోనే ఉంది.

నేను మురామత్సుని.