తలవైపు రాయి

“అన్నయ్య సమాధి మీంచి తెచ్చిన రాయిని కోయించావా వదినా?” చిట్టియ్య ల్యాబ్‌లోనే కేకలేశాడు.

“కోయించాను,” అంది దీనమ్మ.

రాజమండ్రి కాలేజీలో జియాలజీ ల్యాబ్ అది. రాయి రెండు ముక్కలై బల్ల మీద ఉంది. వారం క్రితం ఆమె ఇచ్చినప్పుడు చుట్టూ అంగుళం మందాన ఎర్రటి ఉప్పు పేరుకుని, రాయో మట్టిబెడ్డో తెలీకుండా ఉండేది.

ఆమె భర్త ఎజ్రా కరోనాలో గల్ఫ్ దీవిలో పోతే అక్కడే పూడ్చేశారు. శవం రాలేదు, ఫొటో కూడా రాలేదు. మొన్న అదే దీవికి పనికెళ్ళిన మరిది చిట్టియ్య, సమాధికి తలవైపున్న రాయి తెచ్చి చేతిలో పెట్టాడు. చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టిద్దామంటే దీనమ్మ ససేమిరా అంది. రాయి అబద్ధమైతే మనిషి బతికున్నట్టే అని ఆమె లెక్క. ఐదేళ్ళుగా ఒక్కసారీ ఏడవలేదు మహాతల్లి.

రాయిని కోసి పరీక్ష చేసిన జియాలజీ లెక్చరర్ లోకనాథ్ మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. రాళ్ళ గురించి కదిపితే ఆయన్ని ఆపడం ఎవరి తరం?

“అవి ఉప్పుకొండల దీవులమ్మా. భూమి అడుగు నుంచి ఉప్పు పైకి తన్నుకొస్తూ, పాత లావా రాళ్ళని మోసుకొస్తుంది. కోట్ల ఏళ్ళు ఉప్పులో నాని, ఆ రాళ్ళలో కాల్షియం పోయి సోడియం చేరుతుంది. దీన్లో కాల్షియం చెక్కుచెదర్లేదు. ఇది మన గౌరీపట్నం నల్లరాయి.”

చిట్టియ్య దీనమ్మ వైపు తిరిగాడు.

“దేవుని తోడు వదినా! తలవైపునుంటేనే తీశాను.”

“చాల్లేవయ్యా!” మాస్టారు కసిరారు. “పైన ఉప్పు పట్టిస్తే సరిపోతుందా? లోపల బొక్కల్లో ఉప్పుతో పాటు పసుపు కూడా దొరికింది. రంగు కోసం వంటింట్లోది కలిపావా ఏంటి?”

“పసుపా అండి?” అంది దీనమ్మ.

ఒక ముక్క తీసుకుంది. కడిగాక నున్నగా తేలిన అడుగు వైపు బొటనవేలితో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమెకి ఏమీ అనిపించలేదు. ముక్కని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

“ఆదివారం ప్రార్థన పెట్టించు చిట్టియ్యా.”

మాస్టారికి చిర్రెత్తింది. “అదేంటమ్మా! ఇది మన రాయని చెప్తున్నాను కదా?”

“మన రాయేనండి. ఆయన గల్ఫ్‌కి వెళ్తూ అక్కడ నిమ్మకాయలు ఊరేసుకుంటానంటే, నా ఊరగాయ జాడీలో బరువు రాయి నేనే తీసి ఆయన పెట్టెలో పెట్టాను.”