పిన్నిగారి వెనకాల కొండ

"కొండకి నా ఆకారంలో కన్నం పెట్టడానికి నీకెన్ని గుండెలయ్యా, పురుషోత్తం?"

రాజరాజేశ్వరి గుమ్మంలోంచే అడిగింది. వీధి ఆ చివర నుంచి ఈ చివరకి ఆమె నడిచొచ్చిన వేగానికి దారిలోని కోళ్లు గోడలెక్కాయి. వాటిలో రెండు ఇప్పటికీ దిగలేదని రాజోలులో చెప్పుకుంటారు.

పురుషోత్తం బొమ్మల కొలువు ముందు గొంతుక్కూర్చుని, కీ ఇస్తే నడిచే రైలుకి పట్టాలు సర్దుతున్నాడు. దసరాకి అతని తల్లి కామాక్షమ్మ పెట్టిన కొలువది. మెట్ల మీది బొమ్మలు తల్లివి, కింద నేల మీది కొండా రైలూ కొడుకువి. గోనెసంచుల మీద బంకమట్టి మెత్తి, కొబ్బరిపీచు అంటించి, సరుగుడు రెమ్మలు గుచ్చి నడుమెత్తు కొండ లేపాడు. తను మాత్రం ఏటిగట్టుకి మించి ఎత్తయినది ఎన్నడూ ఎక్కి ఎరగడు. అందుకే, వేసవిలో అరకు వెళ్లొచ్చిన రాజరాజేశ్వరిని బతిమాలి ఫొటోలు తెచ్చుకుని, వాటిని చూసి చేశాడు.

అంతా బాగానే కుదిరింది. రైలు దూరే సొరంగం దగ్గరే పేచీ వచ్చింది. దాని పైభాగం కొప్పులా గుండ్రంగా ఉంది. కాస్త కిందకి భుజాల్లా విచ్చుకుంది. ఇంకా కిందకి అటూ ఇటూ రెండు మోచేతులు పొడుచుకొచ్చాయి. అడుగున చీర కుచ్చిళ్లలా వెడల్పయింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడిన మనిషిని కొండలోంచి ఊడదీసినట్టుంది.

గుమ్మంలో రాజరాజేశ్వరి కూడా సరిగ్గా అలాగే నిలబడింది. ఆమె వెనకే వచ్చి అరుగెక్కిన ఆడవాళ్లు ఆమెనీ, కన్నాన్నీ మార్చి మార్చి చూసి చెంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

"అది మీ ఆకారమని ఎవరన్నారండీ?" అన్నాడు పురుషోత్తం.

"పాలు పొయ్యడానికొచ్చిన అప్పలమ్మ. 'అమ్మగారండీ, మీలోంచి రైలెళ్తందంటండీ, ఆయ్' అని చెప్పి, చెంబెడు పాలు గుమ్మం మీద పోసింది నవ్వలేక."

"ఇందులో నా తప్పేం లేదు పిన్నిగారూ. మీరిచ్చిన ప్రతి ఫొటోలోనూ కొండకి అడ్డంగా మీరే ఉన్నారు. ఈ పక్కా ఆ పక్కా కనపడింది కనపడ్డట్టు చేశాను. మీరు నిలబడ్డ మేర కొండెలా ఉందో నాకేం తెలుస్తుందండీ? 'నేను చూసిన అరకు చూసినట్టే ఉండాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదు' అని చెప్పి మీరే కదా ఫొటోలిచ్చేరు. లేనిది కల్పించడమెందుకని ఖాళీగా వదిలేశాను. ఎలాగూ రైలుకి దారి కావాలి కదాని..."

"కదాని నన్ను తవ్వేశావు."

"మిమ్మల్ని కాదండీ. మీరు అడ్డం ఉన్నంత మేర."

"సాయంత్రం పేరంటానికి వీధి వీధంతా ఇక్కడే ఉంటుంది. వీళ్లందరికీ కొండంటే ఏమిటో చెప్పినదాన్ని నేను. మబ్బుల్ని చేత్తో పక్కకి నెట్టి చూస్తే అంతర్వేది గోపురం కనపడిందని చెప్పినదాన్ని నేను. ఇప్పుడు వీళ్లు ఆ కన్నాన్ని చూసి, నన్ను చూసి నవ్వుతుంటే నేను వాయనం పుచ్చుకుని వెళ్లాలా? పూడ్చెయ్యి."

"పూడిస్తే రైలు ఆగిపోతుందండీ."

"ఆగనీ. మన కోనసీమకి అసలు రైలెప్పుడొచ్చింది గనక."

కామాక్షమ్మ నచ్చజెప్పబోయింది. "పోనీ పూడ్చెయ్యరా. పేరంటం పిలిచి పేచీలెందుకు?"

పురుషోత్తానికీ ఒళ్లు మండింది. చేతిలోని రైలుని పక్కన పెట్టి, బేసిన్‌లోంచి తాటికాయంత తడిమట్టి ముద్ద తీశాడు. దాన్ని కన్నం దాకా తీసుకెళ్లి ఆగాడు.

"సరేనండీ, పూడుస్తాను. చెప్పండి పిన్నిగారూ, మీ వెనకాల ఏముంది?"

"ఏముంటుంది? కొండే."

"కొండేనండీ. చెట్లున్నాయా, బండరాయుందా? నీళ్లేమన్నా దూకుతున్నాయా? మీరు చూసినట్టే చెయ్యాలి కదండీ."

రాజరాజేశ్వరి నడుం మీది చేతులు కిందకి జారాయి. అప్పుడే రొప్పుకుంటూ వచ్చిన భర్త శ్రీరామమూర్తి మేష్టారి వైపు తిరిగింది.

"చెప్పరేమండీ? ఫొటోలు తీసింది మీరే కదా."

"నేనేం చూశానే? ఒక కన్ను మూసుకున్నాను. రెండో కంటినిండా నువ్వే ఉన్నావు."

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. కామాక్షమ్మకి మాత్రం నిజంగానే ఆశ్చర్యం వేసింది.

"అదేమిటే రాజేశ్వరీ, కొండ అణువణువూ చూశానని మొన్న కూడా చెప్పావు కదా. అంత దూరం వెళ్లి ఒక్కసారైనా వెనక్కి తిరగలేదా?"

చెంగులన్నీ నోళ్ల మీంచి దిగాయి. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. జవాబు కోసం మెడలు ముందుకి చాచారు. పురుషోత్తం చేతిలోని మట్టిముద్దలోంచి నీళ్లు బొట్లు బొట్లుగా పట్టాల మీద పడుతున్నాయి.

రాజరాజేశ్వరి ఆ ముద్దని చూసింది. అరుగు మీది మొహాల్ని ఒక్కొక్కటే చూసింది. కన్నాన్ని చూసింది. చేతులు మళ్లీ తీసుకెళ్లి నడుం మీద పెట్టుకుంది.

"పూడ్చకు," అంది, ఇందాకటి కంటే కోపంగా. "అక్కడున్నది సొరంగమే. అరకులో సొరంగాలన్నీ నడుం మీద చేతులేసుకునే ఉంటాయి."